ఆకసపు గనులు, ఛత్రపురపు ఇసుక

మోనజైటు అను ఖనిజము పేరు మన బరంపురపు యువకులు నేడు రెండు చోట్ల వినుచున్నారు. ఒకటి ఛత్రపురపు సముద్రతీరము. మన పట్టణమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, అచ్చటి ఇసుకలో ఆ ఖనిజము కలదు. దానిని వేఱుచేయు ప్రభుత్వ కర్మాగారమును కలదు. రెండవది కంప్యూటరు తెఱపై నడచు ‘ఎలైట్ డేంజరస్’ అను అంతరిక్ష క్రీడ. అందు ఆటగాడు ఓడ నెక్కి, గ్రహముల చుట్టు వలయములుగా తిరుగు రాళ్లను పేల్చి, వాని గర్భమునుండి మోనజైటును తీసి అమ్ముకొనును. ఛత్రపురపు మోనజైటును గుఱించి మన యిండ్లలో మాటలాడువారు అరుదు. ఆకసపు మోనజైటు ధరను గుఱించి అర్ధరాత్రివఱకు వాదించు పిల్లలు మాత్రము కొందఱు కలరు. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఆ క్రీడయొక్క గొప్పతనమును, దాని లోటును ఒక్కసారిగా కన్పించును.

ఆటకు విమర్శ యేమిటి యని పెద్దలు నొసలు చిట్లింపవచ్చును. చదరంగమును ఆడుదుము గాని విమర్శింపము, నిజమే. కాని యీ క్రీడ చదరంగమువంటిది కాదు. ఇందొక లోకమున్నది, అందు వెలుగునీడలున్నవి, దూరములున్నవి, బేరసారములున్నవి, చావు కలదు. మన ఆలంకారికులు కవిని ప్రజాపతితో పోల్చి, తనకు రుచించినట్లు లోకమును మార్చుకొను అధికార మతనికి కలదనిరి. ఈ క్రీడానిర్మాతలు ఆ అధికారమును అక్షరాల వినియోగించుకొనినవారు. అట్టి యధికారమును పుచ్చుకొన్నవారిని ఔచిత్యమును గుఱించి యడుగుట విమర్శకుని పని. పదునొకండవ శతాబ్దమున క్షేమేంద్రుడు కావ్యమునకు జీవితమని చెప్పిన ఆ ఔచిత్యమే ఇచ్చట కొలబద్ద.

ఈ క్రీడకు పూర్వచరిత్ర కలదు. 1984లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ విద్యార్థులు డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అను నిద్దఱు ‘ఎలైట్’ అను పేర దీని తొలిరూపమును వెలువరించిరి. నాటి బి.బి.సి. మైక్రో అను కంప్యూటరునకున్న జ్ఞాపకస్థలము 32 కిలోబైట్లు. నేడు మనము చేతిఫోనుతో తీయు ఒక్క ఛాయాచిత్రమునకు సయితము చాలనిది. ఆ యిరుకులో వారు 8 నక్షత్రవీథులను, వీథి కొకటికి 256 లోకములను ఇమిడ్చిరి. అన్నింటిని వ్రాసి దాచుటకు చోటు లేదు గనుక, ఒక గణితసూత్రము కావలసినప్పుడెల్ల ఆ లోకమును మరల పుట్టించునట్లు చేసిరి. విత్తనమున చెట్టు దాగియుండుట యనిన నిదియే. రాతిని కోయు లేసరు ఆ తొలి క్రీడలోనే కలదు. పిమ్మట 2014 డిసెంబరులో బ్రేబెన్‌గారి ఫ్రాంటియర్ సంస్థ ‘ఎలైట్ డేంజరస్’ను ప్రకటించినది. ఈసారి లోకము మన పాలపుంతయే. సుమారు 40,000 కోట్ల నక్షత్రమండలములు. కథాకాలము క్రీస్తుశకము 3300 ప్రాంతము.

ఇందు గనిపని యెట్లు సాగునో, చూడనివారికొఱకు కొంత వివరింపవలసియున్నది. శనివంటి గ్రహముల చుట్టు వలయములు కలవు గదా. అందు మంచుగడ్డలు, రాళ్లు కోట్లకొలది తేలుచుండును. ఆటగాడు తన ఓడను ఆ రాళ్ల నడుమకు మెల్లగా నడుపును. ‘లింపెట్’ అను చిన్న యంత్రము నొకదానిని రాతిమీదికి విడుచును. సముద్రపు బండలను కఱచుకొనియుండు ఒకజాతి నత్తపేరే ఆ పేరు; మన తీరవాసులకు ఆ పోలిక వెంటనే తెలియును. ఆ యంత్రము రాతి నంటుకొని, అందు ఏ ధాతువు నూటికి ఎన్ని పాళ్లున్నదో తెలుపును. అటుపిమ్మట లేసరుతో రాతిని చెక్కవలెను. ఎగిరిన ముక్కలను మఱికొన్ని లింపెట్లు ఏఱి తెచ్చి ఓడలోని శుద్ధియంత్రమున వేయును. ఒక్కొక్క ధాతువునకు ఒక్కొక్క అర. అర నిండినంతనే ఒక టన్ను సరకు సిద్ధము.

2018 డిసెంబరులో ఈ పనికి మఱియొక రీతి చేర్చబడినది. దానితోనే మోనజైటు ఈ క్రీడలో ప్రవేశించినది. ఇందు ఓడనుండి ఒక తరంగమును నలుదిక్కులకు పంపవలెను. ఆ తరంగము తాకినప్పుడు కొన్ని రాళ్లు పసుపుకాంతితో మెఱయును. ఆ మెఱయువానిలో ఏ ఒక్కదానికో గర్భమున విలువైన గింజ యుండును. ఆ రాతిచుట్టు తిరిగి, దాని మేనిపై పగుళ్లను వెదకి, పగులు బలమునుబట్టి తక్కువగానో ఎక్కువగానో మందు కూరవలెను. తక్కువైనచో రాయి పగులదు. ఎక్కువైనచో లోని సరకు నుగ్గగును. పాళ్లు సరిగా కుదిరినవని తోచినప్పుడు దూరముగా తొలగి పేల్చవలెను. రాయి నిశ్శబ్దముగా వికసించినట్లు విచ్చుకొని, ఒక క్షణము తరువాత గంభీరమైన ధ్వని వినవచ్చును. గాలిలేని శూన్యమున ధ్వని యెక్కడిదని అడుగుట అరసికత. ఓడలోని యంత్రములు ఆ ధ్వనిని కల్పించి వినిపించుచున్నవని నిర్మాతలు కథ చెప్పిరి, అది చాలును.

ఈ ఘట్టమును నేను మనసార మెచ్చుకొందును. మన వడ్డెరలు కొండరాతిని చూపుతో తడవి, ఉలితో తట్టి, చెవియొగ్గి విని, ఎక్కడ కొట్టినచో ఎటు చీలునో చెప్పగలరు. వారి కులనామమే ఓఢ్రదేశమునుండి వచ్చినదని చెప్పుదురు. గంజాము మీదుగా దక్షిణమునకు పోయిన నేర్పు అది. ఆ నేర్పులోని ఆలోచన, ఆగుట, ఒక్క దెబ్బకొఱకు పది నిమిషములు చూచుట, ఇవి ఈ క్రీడలో చక్కగా దిగినవి. చాల క్రీడలలో గనిపని యనిన ఒక మీట నొక్కిపట్టి కూర్చుండుటయే. ఇచ్చట అట్లు కాదు. ఒక రాత్రియంతయు తిరిగియు ఒక్క మంచి రాయి దొరకనివా డుండును. దొరకినవానికి కలుగు ఆనందము ధనమువలన కలిగినది కాదు. అది వెదకుటవలన కలిగినది.

మఱియొక గుణము ఏకాంతము. చుట్టును చీకటి, క్రింద మహాగ్రహపు గోళము, దూరమున సూర్యుని పోలిన ఒక చుక్క, నడుమ ఒక్క మనుష్యుడు. శాంతరసము కంప్యూటరు క్రీడలలో దుర్లభము, ఇందది కలదు. 1829లో బ్రైట్‌హాప్ట్ అను జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడు మోనజైటునకు ఆ పేరు పెట్టినప్పుడు, ఒంటరిగా నుండుట యను నర్థముగల గ్రీకుపదమును గ్రహించెను. దాని స్ఫటికములు విడివిడిగా, ఒంటరిగా కన్పించుటయే కారణము. క్రీడానిర్మాతలకు ఈ సంగతి తెలిసియుండెనో లేదో గాని, ఏకాకియగు ఆటగాడు ఏకాకియగు ఖనిజమును వెదకుట మాత్రము ముచ్చటగా కుదిరినది.

పేర్ల యెన్నికలో నిర్మాతలు మంచి శ్రద్ధ చూపిరి. పెయినైటు, గ్రాండిడియరైటు, అలెగ్జాండ్రైటు, బెనిటోయిటు, ఇవన్నియు భూమిపై నిజముగా దొరకు అరుదైన రత్నములు. వానిలో సెరెండిబైటు అనునది మనకు మిక్కిలి ఆప్తమైనది. సింహళద్వీపమునకు అరబ్బులు పెట్టిన పేరునుబట్టి దాని కాపేరు వచ్చినది. 1903లో దానిని లోకమునకు వర్ణించి చెప్పిన యిద్దఱిలో ఒకరు ఆనంద కుమారస్వామి. శివతాండవమును గుఱించి వ్రాసిన ఆ కుమారస్వామియే! కళామీమాంసకుడు కాకపూర్వము ఆయన సింహళమున ఖనిజపరిశోధకుడు. చిదంబరపు నటరాజును చూచి పరవశించిన కన్నులే అంతకుముందు సూక్ష్మదర్శినిలో ఒక నీలిరాతి పొరను చూచినవి. ఇప్పుడు ఆ రాతిపేరు మన పిల్లల తెఱమీద, శూన్యమున తేలుచున్నది. ఇట్టి వింతలను తలపుకు తెచ్చుటయు క్రీడవలని లాభమే.

ఇంతవఱకు మెప్పు. ఇక ఛత్రపురమునకు పోవుదము.

మన తీరమున మోనజైటు రాతిగర్భమున గింజవలె లేదు. ఆవగింజకన్న చిన్నవైన తేనెరంగు రేణువులుగా, నల్లని ఇలమనైటుతోను, ఎఱ్ఱని గార్నెటుతోను, రూటైలు, జిర్కాను, సిలిమనైటులతోను, వానికన్నిటికి మిక్కిలియైన తెల్లని ఇసుకతోను కలిసియున్నది. దీనిని త్రవ్విన మొదటి పనివారు మనుష్యులు కారు. తూర్పుకనుమలలోని పురాతన శిలలను ఎండయు వానయు లక్షల యేండ్లు నలిపినవి. అందు ఖొండలైటు అను శిలకు, ఆ కొండలలో నివసించు ఖొండుల పేరునుబట్టి 1902లో వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు నామకరణము చేసెను. కోణార్క దేవాలయమున వాడిన రాయి యదియే. అది చివికిపోయినప్పుడు అందలి గార్నెటు, సిలిమనైటు రేణువులు విడివడును. ఇతర శిలలనుండి ఇలమనైటు, మోనజైటు మున్నగునవి విడివడును. దారింగబాడి కొండలలో పుట్టిన ఋషికుల్య, ఆమెవంటి యితర నదులు, వాగులు వానిని సముద్రమునకు మోసికొనివచ్చినవి. అటుపై అల తన పని ప్రారంభించినది. అల ఒడ్డునకు వచ్చునప్పుడు అన్నింటిని తెచ్చును. వెనుకకు పోవునప్పుడు తేలికయైనదానిని తీసికొనిపోవును, బరువైనదానిని విడిచిపోవును. వట్టి ఇసుక నీటికన్న సుమారు 2.65 రెట్లు బరువు, ఇలమనైటు 4.7 రెట్లు, మోనజైటు 5 రెట్లు. ఈ కొద్దిభేదమును పట్టుకొని సముద్రము యుగములతరబడి చేటతో చెఱిగినట్లు చెఱిగినది. గోపాలపురమునకు పోయినవారు పెద్దగాలులు వీచిన మఱునాడు ఒడ్డున కాటుకగీతలవంటి నల్లని చారలను చూచియుందురు. అవి ఆ చెఱుగుడు మిగిల్చిన గుఱుతులు.

క్రీడలోని మొదటి అనౌచిత్య మిచ్చట తేలిపోవును. నది లేనిచోట, వాన లేనిచోట, అల లేనిచోట మోనజైటు ఒక్కచోట పోగుపడుట యెట్లు? గ్రహశకలమును పగులగొట్టినచో మోనజైటు టన్నులకొలది రాలుట, కొబ్బరికాయను కొట్టినచో బియ్యము రాలినట్లున్నది. కాని దీనిని నేను పెద్దతప్పుగా నెంచను. కవిసమయములు మనకును కలవు. చకోరము వెన్నెల త్రాగుచున్నదా యని ఎవరును పరీక్షింపరు. రత్నముల పట్టికలో ఒక పేరు చక్కగా వినవచ్చినది గనుక చేర్చుకొనిరి. అంతటితో పోనిత్తము.

అసలు లోటు వేఱొకచోట నున్నది. ఈ క్రీడ వెదకుటను ఎఱుగును, వేఱుచేయుటను ఎఱుగదు. రాయి పగిలినపిమ్మట కథ ముగిసినది. ముక్కలు శుద్ధియంత్రములో పడును, అర నిండును, సరకు సిద్ధమగును. ఆ యంత్రములో నేమి జరిగెనో ఆటగానికి తెలియదు, తెలిసికొనవలసిన యవసరమును లేదు. అక్కఱలేని ముక్కలను ఏఱవద్దని లింపెట్లకు ముందే చెప్పవచ్చును. ఏఱినదానిని శూన్యములోనికి విడిచిపెట్టవచ్చును. శూన్యమునకు అడుగు లేదు గనుక చెత్త యెక్కడికి పోయెనను ప్రశ్నయే పుట్టదు. మన తీరమున సంగతి దీనికి సరిగా తలక్రిందు. ఇచ్చట వెదకవలసినది స్వల్పము. ఇసుక కన్నులయెదుటనే యున్నది. పనియంతయు వేఱుచేయుటలోనే యున్నది.

ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ 1950లో స్థాపింపబడినది. 2019 నుండి ఐ.ఆర్.ఇ.ఎల్. అను పేర నడచుచున్నది. ఆ సంస్థ ఛత్రపురమున నెలకొల్పిన ఇసుక ఖనిజ కర్మాగారము 1980వ దశకమున పనికి వచ్చినది. ఇంచుమించు తొలి ‘ఎలైట్’ పుట్టిన కాలమే! పని జరుగు విధము వినుడు. ఇసుకమేటలో ఒక కుంటను త్రవ్వి నీరు నింపి, అందు ఒక త్రవ్వోడను తేల్చుదురు. అది ఇసుకను నీటితో కలిపి పీల్చును. ఆ బురదనీరు మరచుట్లవలె క్రిందికి దిగు తొట్లలో జాఱును; అట్లు జాఱునప్పుడు బరువైన రేణువులు లోపలి అంచునకు, తేలికయైనవి వెలుపలి అంచునకు చేరును. మన గృహిణి బియ్యములో ఇసుక గాలించునప్పుడు గిన్నెను ఎట్లు త్రిప్పునో యది యట్టిదే. తేలికయైన తెల్లని ఇసుకను త్రవ్వినచోటనే వెనుక నింపుదురు. బరువైన భాగమును ఎండబెట్టి మిల్లునకు పంపుదురు.

అచ్చట ఆరు ఖనిజములు కలిసియున్న ఇసుకను మూడు ప్రశ్న లడిగి విడదీయుదురు. నీలో విద్యుత్తు పాఱునా? నిన్ను అయస్కాంతము లాగునా? నీ బరువెంత? ఇలమనైటు, రూటైలు విద్యుత్తును పాఱనిచ్చును; తక్కినవి పాఱనీయవు. మొదటి రెండింటిలో ఇలమనైటు అయస్కాంతమునకు లొంగును, రూటైలు లొంగదు. తక్కినవానిలో గార్నెటు లొంగును. మోనజైటు అంతంతమాత్రముగా, మిక్కిలి బలముగల అయస్కాంతమునకు మాత్రమే లొంగును. జిర్కాను, సిలిమనైటు ఎంతకును లొంగవు. ఒక్కసారి వేసినంతమాత్రమున విడిపోవుననుకొనరాదు. ప్రతి మెట్టునను కొంత కలిసియే పోవును. దానిని మరల మొదటికి తేవలెను. ఇట్లు ఏఱిన పిమ్మట మిగులు మోనజైటు బహుస్వల్పము.

ఆ స్వల్పమైనదానిలోను ఇంకను చిక్కున్నది. మన మోనజైటులో సగమునకు మించి లాంతనము, సీరియము, నియోడిమియము మున్నగు విరళమృత్తికలు, నూటికి సుమారు తొమ్మిది, పది పాళ్లు థోరియము, రవంత యురేనియము. థోరియము రేడియోధార్మికము. అది తనలో సగము తఱుగుటకు సుమారు 1,400 కోట్ల యేండ్లు పట్టును. అనగా విశ్వమునకు శాస్త్రజ్ఞులు చెప్పు వయస్సంత. కనుకనే 1962 నాటి అణుశక్తి చట్టము మోనజైటును ప్రభుత్వపు అదుపులోనికి తెచ్చినది. ఎవడుపడిన వాడు త్రవ్వి అమ్ముకొనుటకు వీలులేదు. ఛత్రపురమున దీనిని రసాయనములతో విడగొట్టి, విరళమృత్తికల మిశ్రమమును కేరళములోని ఆలువాకు పంపుదురు. అచ్చట ఒక్కొక్క ధాతువును విడదీయుదురు. థోరియమును ముందు కాలపు అణువిద్యుత్తుకొఱకు, హోమీ భాభా 1950వ దశకమున వేసిన పథకము ననుసరించి, భద్రపఱచుదురు. క్రీడలోని ఓడకొట్టులో మోనజైటు ఎంతకాల మున్నను ఆటగానికి గాని ఓడకు గాని ఏమియు కాదు. ఏ రేవున కైనను పోయి అమ్ముకొనవచ్చును. కొనువాడు అది ఎక్కడిదని యడుగడు.

ఇది కేవలము శాస్త్రవిషయమున జరిగిన లోపము కాదు. కథలో భారమేదియో అదియే లోపించినది. ఏ వస్తువైనను తనతో వచ్చు అక్కఱలేనిదానితో కలిసియే వచ్చును. ఆ అక్కఱలేనిదానిని ఏమి చేయుదుమనునదే గనిపనిలోని ధర్మసంకటము. రామాయణమున సేతువు కట్టుటకు వానరులు కొండలు పెకలించిరని విన్నప్పుడు, ఆ కొండలున్నచోట ఏమి మిగిలెనో అడుగు పిల్లవాడు ప్రతి యింటను ఒక డుండును. ఈ క్రీడలో ఆ పిల్లవానికి చోటు లేదు.

ఇతర క్రీడలు ఈ విషయమున ఏమి చేసినవో కొంచెము చూతము. 2016లో వెలువడిన ‘నో మాన్స్ స్కై’ అను క్రీడలో ఆటగాడు గ్రహముల మీద దిగి రాళ్లను, చెట్లను ఒక కిరణముతో కరగించి మూలద్రవ్యములుగా మార్చుకొనును. మితిమీరి కొల్లగొట్టినవానిపైకి కావలియంత్రములు ఎగిరివచ్చును. అడ్డుచెప్పువా డొకడున్నాడు గదా యని సంతోషించితిని. కాని ఆ కావలివాడు పోలీసువంటివాడే గాని ఆ నేలకు చుట్టము కాడు. తప్పించుకొన్నచో తప్పు లేనట్లే. 2003 నాటి ‘ఈవ్ ఆన్‌లైన్’ ఐస్లాండు దేశస్థుల కృతి. అందు వేలకొలది ఆటగాండ్రు ఒకే లోకమున నుందురు. గనిత్రవ్వువాడు, వానిని దోచువాడు, వానికి కాపలా కాయువాడు, సరకు కొనువాడు, అందఱును మనుష్యులే. బజారు అంత నిజముగా నుండుటచే 2007లో ఆ సంస్థవారు ఒక ఆర్థికశాస్త్రజ్ఞుని నియమించుకొనిరి. గనిపనిలోని మనుష్యసంబంధమును ఆ క్రీడ ఎఱిగినంతగా మఱేదియు ఎఱుగదు. అయినను అందును, దినమున కొకమాఱు యంత్రములను నిలిపి మరల నడపునప్పుడు త్రవ్విన రాళ్లు మరల మొలచును. తీరపు ఇసుక అట్లు మొలవదు. ఒకసారి ఏఱిన ఇలమనైటును ఋషికుల్య మన జీవితకాలములో తిరిగి తెచ్చియీయదు.

క్రీడలోని రాతిమీద ఏమియు లేదు. ఛత్రపురపు ఇసుకమీద మొగలిపొదలున్నవి. వాని పూవులనుండి తీయు అత్తరుకు గంజాము దేశమంతట పేరుపొందినది. సరుగుడుతోట లున్నవి, జీడితోట లున్నవి. ఆర్యపల్లి మొదలుకొని గోపాలపురమువఱకు నోలియాలని ఇచ్చటివారు పిలుచు బెస్తల పల్లెలున్నవి. వలలు లాగునప్పుడు వారి నోట వచ్చునది తెలుగే. ఋషికుల్య కడలిని చేరుచోట, గంజాము పట్టణమునకు దగ్గఱగా, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలు లక్షలుగా వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. శాస్త్రజ్ఞులు దానిని 1994లో గుర్తించి లోకమునకు తెలిపిరి. కొన్ని యేండ్లు అవి రాకయు పోవును. ఇట్టిచోట ఒక గజము నేలను త్రవ్వవలెనన్నను ఎవరినో ఒకరిని అడుగవలసియుండును, ఎవరికో ఒకరికి బదులు చెప్పవలసియుండును. కర్మాగారము ఉండకూడదని నా వాదము కాదు. అది మన ప్రాంతమున ఎన్నియో కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. దేశమునకు కావలసిన సరకు నిచ్చుచున్నది. అడుగుట, బదులు చెప్పుట అను రెండును గనిపనిలో భాగములే యని మాత్రము నా వాదము. ఎవరును లేనిచోట త్రవ్వుట అను స్వప్నము పాశ్చాత్య సాహిత్యమున పాతది. నిర్జన ద్వీపములు, నిర్జన మైదానములు అందు కొల్లలు. నిర్జనమని వ్రాసినచోట చాలమాఱులు జనులుండిరి.

వేఱుచేయుటను గుఱించి మనకు, గంజాము తెలుగువారికి, కొంత స్వానుభవము కలదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు మద్రాసు ఆధిపత్యములోని గంజాము జిల్లాను భాషనుబట్టి చెఱిగిరి. చేట యెంత మంచిదైనను, చెఱుగువా రెంత న్యాయబుద్ధి కలవారైనను, కొన్ని గింజలు రెండు ప్రక్కలను మిగులును. మన మట్లు మిగిలిన గింజలము. మనలను ఎవరును చెత్తయని పాఱవేయలేదు. మనమును ఓఢ్ర సోదరులతో కలిసియే పెరిగితిమి. అయినను మిశ్రమమునుండి ఒక్క వస్తువును తీయుట మీట నొక్కినంత సులభమని ఎవడైన చెప్పినచో, నమ్మకుండుటకు మనకున్న కారణము ఇతరులకు లేదు.

ఇంకొక విశేషము చెప్పవలెను. రాయి పగిలిన గంభీరధ్వనిని ఆటగాడు చెవులకు తగిలించుకొన్న యంత్రమున వినును. అట్టి యంత్రములలో చాలవఱకు వినికిడి పుట్టించు చిన్న అయస్కాంతమున నియోడిమియ మున్నది. తెఱయొక్క గాజును నునుపుచేయుటకు సీరియము వాడుదురు. ఈ రెండును మోనజైటువంటి ఖనిజములనుండి, ఎవరో ఒక తీరమున లేక కొండలో, ఇసుకను రాతిని గాలించి తీసినవే. ఊహాలోకపు మోనజైటును త్రవ్వుటకు నిజమైన మోనజైటు కావలసివచ్చినది. ఈ సంగతిని నిర్మాతలు క్రీడలో ఎక్కడనైన ఒక్క మాటగా చొప్పించియుండినచో, దాని అర్థగౌరవము రెండింతలయ్యెడిది.

నిర్మాతలపై నాకున్న ఫిర్యాదు నీతిబోధ చేయలేదని కాదు. నీతిని బోధించు క్రీడలు పాఠ్యపుస్తకములకన్న నీరసములు. వారు మంచి ఆటను జాఱవిడుచుకొనిరని నా ఫిర్యాదు. రాతిని పేల్చుటకు మూడు రకముల ఆయుధములను కల్పించినవారు, వేఱుచేయుటకు ఒక్క మూసిన పెట్టెను ఇచ్చి ఊరకుండిరి. ఆ పెట్టెను తెఱచినచో లోన ఎంత యాట యున్నది! ఆరు ఖనిజములు, మూడు ప్రశ్నలు, ప్రతి మెట్టున కొంత నష్టము, ప్రతి నష్టమును తిరిగి గాలించు అవకాశము, నింపవలసిన గుంట, దాచవలసిన థోరియము. సమస్యాపూరణమును, పొడుపుకథలను ప్రేమించు జాతి మనది. మన పిల్లలు బరంపురమునను, భువనేశ్వరమునను, హైదరాబాదునను కంప్యూటరు విద్య నభ్యసించుచున్నారు; వారిలో ఎవరైన ఈ పెట్టెను తెఱచి చూడవచ్చును.

మొదట ఏ మెట్టు కష్టమో ఇప్పుడే చెప్పెదను. ఇలమనైటు సులభముగా వచ్చును, గార్నెటును అంతే. చివరకు జిర్కాను, సిలిమనైటు మిగులును. రెండును విద్యుత్తును పాఱనీయవు. రెండింటిని అయస్కాంతము లాగదు. మొదటి రెండు ప్రశ్నలకు రెండును ఒకే జవాబు చెప్పును. మూడవ ప్రశ్నకు మాత్రము జిర్కాను 4.6 అనును, సిలిమనైటు 3.2 అనును. కాని వట్టి ఇసుకయు ఇంకను కొంత కలిసియే యున్నది. దాని బరువు సిలిమనైటు బరువునకు చాల దగ్గఱ. అప్పుడు నీటిలో తగిన మందు కలిపి, అడుగునుండి గాలిబుడగలు పంపుదురు. బుడగలు సిలిమనైటు రేణువులను మాత్రము అంటించుకొని పైకి తేలును. ఇసుక అడుగుననే యుండిపోవును. ఏ మందు, ఎంత పాలు, బుడగ యెంత చిన్నది, ఇవి కుదురనిచో అంతయు కలిసియే తేలును, లేదా అంతయు మునుగును.

ఆ బుడగను ఆటగాని చేతి కిచ్చి చూడవలెను.